ఫైర్‌వాల్ మార్చాక ఒక్క పబ్లిక్ ఐపీనే పనిచేస్తోందా? నాట్ రూల్స్ జోలికి అప్పుడే వెళ్లకండి

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ. అరవై మంది పనిచేసే ఆఫీసు, లీజ్డ్ లైన్ మీద ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) వాళ్లు ఒక /29 బ్లాక్, అంటే ఎనిమిది పబ్లిక్ ఐపీ అడ్రస్‌ల కట్ట, ఇచ్చారు, నిన్న రాత్రి పాత ఫైర్‌వాల్ పీకేసి కొత్తది పెట్టారు. స్టాఫ్‌కి ఇంటర్నెట్ బాగానే వస్తోంది. కానీ మెయిల్ సర్వర్, ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలూ, స్టాకూ చూసే సాఫ్ట్‌వేర్) సర్వర్ బయటి నుంచి అసలు తెరుచుకోవట్లేదు, ఇక్కణ్నుంచి పంపిన మెయిల్స్ అవతలివాళ్లకి స్పామ్‌లో పడుతున్నాయి, ఆఫీసులో కూర్చున్నవాళ్లకి కూడా ఈఆర్‌పీ పేరు కొడితే పేజీ రావట్లేదు. నాట్ రూల్స్ (పబ్లిక్ అడ్రస్‌నీ లోపలి అడ్రస్‌నీ ఒకదానికొకటి మార్చే రూల్స్) నాలుగుసార్లు చెరిపి మళ్లీ రాశారు, ఫలితం లేదు, పైనుంచి ఎండీ గారు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు.

ముందు ఆ టెన్షన్ కాస్త పక్కన పెట్టండి. ఇవి మూడు వేర్వేరు జబ్బులు, ఒకే రోజు బయటపడ్డాయి కాబట్టి ఒకటేలా కనపడుతున్నాయి, అంతే. రూల్స్ తప్పు రాసి ఉండకపోవచ్చు కూడా.

అసలు అడ్రస్‌లు పెట్టకుండా మంచి పని చేశారు. నేను 203.0.113.8/29 అనుకుని రాస్తాను, ఇవి ఉదాహరణల కోసమని పక్కన పెట్టేసిన నంబర్లు, ఎవరివీ కావు. ఇందులో ఎనిమిది అడ్రస్‌లు. .8 నెట్‌వర్క్‌కి, .15 బ్రాడ్‌కాస్ట్‌కి పోతాయి. మిగిలిన ఆరింటిలో .9 ఐఎస్‌పీ రౌటర్, .10 మీ ఫైర్‌వాల్ వ్యాన్ (బయటి వైపు) పోర్టు, .11 మెయిల్‌కి, .12 ఈఆర్‌పీకి అనుకుందాం. .13, .14 ఖాళీ. లోపల మెయిల్ సర్వర్ 192.168.10.20, ఈఆర్‌పీ 192.168.10.30.

ఇప్పుడు అసలు విషయం. నాట్ రూల్ ఎంత బాగా రాసినా, ప్యాకెట్ మీ పెట్టె దాకా వస్తేనే కదా అది పనిచేసేది? బయటి నుంచి .12కి ఒక ప్యాకెట్ వచ్చిందనుకోండి, ఐఎస్‌పీ రౌటర్ ఏం చేస్తుందంటే, ".12 ఎవరయ్యా?" అని వైరు మీద ఒక కేక వేస్తుంది, ఎవరు పలికితే వాళ్ల మ్యాక్ అడ్రస్ (ఆ పరికరం పోర్టుకి ఉండే సొంత నంబరు) రాసిపెట్టుకుని అటు పంపుతుంది. ఇదే ఆర్ప్. ఒకసారి రాసుకున్నాక ప్రతి ప్యాకెట్‌కీ మళ్లీ అడగదు. సిస్కో రౌటర్లలో మామూలుగా 4 గంటలు ఆ రాసుకున్నదే నమ్ముతుంది, జునిపర్‌లో 20 నిమిషాలు. అంటే మీ పాత ఫైర్‌వాల్ అల్మరా ఎక్కేసినా, ఐఎస్‌పీ రౌటర్ చిట్టాలో .11, .12 ఇంకా దాని పేరు మీదే ఉంటాయి, అద్దె ఇల్లు మారినా పోస్ట్‌మ్యాన్ పాత గుమ్మంలోనే ఉత్తరాలు వేసి పోతున్నట్టు.

మరి .10 ఎందుకు పనిచేసింది అంటారా. కొత్త పెట్టె ఆన్ కాగానే తన పోర్టుకి ఉన్న అడ్రస్ గురించి తనే "నేనొచ్చాను, .10 నేనే" అని అడగకుండానే చాటింపు వేసుకుంటుంది. గ్రాట్యుటస్ ఆర్ప్ అంటారు దాన్ని. నాట్ కోసం వాడే అడ్రస్‌లు పోర్టు మీద ఉండవు, రూల్స్‌లో మాత్రమే ఉంటాయి, వాటికి ఈ చాటింపు అన్ని పెట్టెలూ వేయవు.

నేను ఈ పాఠం నేర్చుకున్నది విజయవాడలో ఓ ఆఫీసులో. రాత్రి పదకొండున్నరకి బాక్స్ మార్చాను, రెండు సర్వర్లు రాలేదు, రూల్స్ మార్చి మార్చి చూశాను, ఫర్మ్‌వేర్ కూడా మార్చాను (అది ఇంకా తెలివితక్కువ పని), మూడింటికి విసుగొచ్చి బస్టాండు దగ్గరికి టీ తాగడానికి వెళ్లాను. వచ్చేసరికి అన్నీ పనిచేస్తున్నాయి. నేను ఆఖరున మార్చిన ఏదో సెట్టింగ్ వల్లే బాగైందని ఆ తర్వాత ఏడాది పాటు అందరికీ చెప్పాను కూడా. నిజానికి ఆ నాలుగు గంటలు గడిచిపోయాయి, అంతే.

ఇదొక్కటే కారణం కాకపోవచ్చు. రెండో కారణం ఏమిటంటే, రౌటర్ ".12 ఎవరు" అని అడుగుతోంది, మీ కొత్త పెట్టె పలకట్లేదు. మీరు ఏ కంపెనీది కొన్నారో రాయలేదు కాబట్టి నాకు తెలిసినవి చెప్తాను. ఫోర్టిగేట్‌లో వర్చువల్ ఐపీ తయారు చేస్తే దానంతట అదే పలుకుతుంది. సిస్కో ఏఎస్‌ఏ కూడా మామూలుగా పలుకుతుంది. పీఎఫ్‌సెన్స్‌లో పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి ఒక పోర్టు నంబరుకి వచ్చేదాన్ని లోపలి సర్వర్‌కి తిప్పే రూల్) రాస్తే సరిపోదు, వర్చువల్ ఐపీస్ పేజీలో .11ని, .12ని ఐపీ ఎలియాస్‌గా (అదే వ్యాన్ పోర్టుకి అదనపు అడ్రస్‌గా) ముందు చేర్చాలి. సోఫోస్‌లో వ్యాన్ ఇంటర్‌ఫేస్ కింద ఎలియాస్ పెట్టాలి. జునిపర్ ఎస్‌ఆర్‌ఎక్స్‌లో ప్రాక్సీ ఆర్ప్ అని విడిగా రాయాలి, ఇది మర్చిపోయి రాత్రంతా కూర్చున్నవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు.

ఈ రెండిట్లో ఏదో ఊహించక్కర్లేదు, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మీ ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఈఆర్‌పీ అడ్రస్ కొట్టండి, అదే సమయంలో ఫైర్‌వాల్ వ్యాన్ పోర్టు మీద .12 అనే ఫిల్టర్‌తో ప్యాకెట్ క్యాప్చర్ (వచ్చీపోయే ప్యాకెట్లని రికార్డు చేసేది) పెట్టండి. ".12 ఎవరు" అన్న ఆర్ప్ ప్రశ్నలు వరుసగా వస్తూ జవాబు పోకపోతే మీ పెట్టె పలకట్లేదని అర్థం, పైన చెప్పిన ఎలియాస్ చేర్చండి. అలా కాకుండా 443 పోర్టుకి (వెబ్ పేజీలు వాడే పోర్టు నంబరుకి) ప్యాకెట్ వస్తోంది కానీ పెట్టె దాన్ని పట్టించుకోవట్లేదు అంటే, ఆ లైను వివరంగా తెరిచి గమ్యం మ్యాక్ అడ్రస్ చూడండి. అది మీ కొత్త పెట్టెది కాకుండా పాతదాని అడుగున స్టిక్కర్ మీద ఉన్నదైతే దొంగ దొరికినట్టే. మధ్యలో స్విచ్ ఉంటే మీ దాకా ఏమీ రాకపోవచ్చు కూడా.

దానికి మందు రెండు రకాలు. ఐఎస్‌పీ వాళ్ల నాక్‌కి (నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్‌కి) ఫోన్ చేసి "మా బ్లాక్‌కి ఆర్ప్ క్లియర్ చేయండి" అని అడగండి. "ఇంటర్నెట్ రావట్లేదు" అని మాత్రం అనకండి, మోడెమ్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. వాళ్లు ఫోన్ ఎత్తకపోతే .12ని కాసేపు వ్యాన్ పోర్టుకి రెండో ఐపీగా ఇవ్వండి, చాలా పెట్టెలు అలా ఇవ్వగానే చాటింపు వేస్తాయి. వేయకపోతే ఫైర్‌వాల్ ఆర్ప్ టేబుల్‌లో .9ని చెరిపేసి, .12 సోర్స్‌గా .9కి పింగ్ కొట్టండి, అప్పుడు మీ పెట్టె .12 పేరుతో ".9 ఎవరు" అని అడగక తప్పదు, ఆ ప్రశ్న చూసి రౌటర్ తన చిట్టా దిద్దుకుంటుంది. పని కాగానే ఆ రెండో ఐపీ తీసేయండి, పీఎఫ్‌సెన్స్, సోఫోస్ లాంటివాటిలో అయితే ఉంచాల్సిందే.

ఇక్కడే ఇంకో మాట. కొంతమంది ఐఎస్‌పీలు బ్లాక్‌ని ఇలా వైరు మీద పరచరు. వ్యాన్‌కి విడిగా ఒక /30 (నాలుగు అడ్రస్‌ల చిన్న కట్ట) ఇచ్చి, /29ని మొత్తం మీ వ్యాన్ అడ్రస్‌కి రూట్ చేస్తారు. వాళ్లు పంపిన మెయిల్‌లో "వ్యాన్ ఐపీ" ఒకటి, "ల్యాన్ పూల్" ఒకటి అని రెండు కనపడితే మీది అదే. ఆ పద్ధతిలో ఈ ఆర్ప్ గోల ఉండదు, ఎవరూ ఎవరినీ అడగరు, ఎనిమిది అడ్రస్‌లూ నేరుగా మీ గుమ్మంలోకి వస్తాయి. .8ని, .15ని కూడా నాట్‌కి వాడుకోవచ్చు. "ల్యాన్ పూల్" అన్నారు కదా అని లోపలి పోర్టుకి ఆ అడ్రస్ ఇచ్చేవాళ్లున్నారు, నాట్ చేసేటప్పుడు అది అక్కర్లేదు. కొత్త లైన్ తీసుకునేటప్పుడు రూట్ చేసి ఇవ్వమని అడగండి, అడిగితే ఇచ్చేవాళ్లు ఉంటారు, అడక్కపోతే వాళ్లకి ఏది సులువైతే అదే ఇస్తారు.

మీ వ్యాన్ పోర్టుకి వచ్చింది 100.64 నుంచి 100.127 మధ్యలో ఏదైనా అయితే మాత్రం ఈ కథంతా వృథా. అది పబ్లిక్ అడ్రస్ కాదు, ఐఎస్‌పీ వాళ్లే పైన ఇంకోసారి నాట్ చేస్తున్నారు. బ్రాంచిల్లో బ్రాడ్‌బ్యాండ్ లైన్లకి ఇది మామూలు. అక్కడ స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి. ఎందుకు కొనాలీ అంటే, 2011 ఫిబ్రవరి 3నాటికే ప్రపంచ స్థాయిలో పంచడానికి ఐపీవీ4 బ్లాకులు అయిపోయాయి, అదే ఏడాది ఏప్రిల్‌కి మన ఆసియా పసిఫిక్ నిల్వ కూడా ఆఖరి బ్లాక్‌కి వచ్చేసింది. 1994లో నాట్‌ని మొదట రాసిపెట్టినవాళ్లు తాత్కాలిక ఉపాయమనే అన్నారు. ముప్పై ఏళ్లు దాటింది, ఇంకా దాంతోనే కుస్తీ పడుతున్నాం.

సరే, ప్యాకెట్ ఇప్పుడు పెట్టెలోకి వచ్చింది అనుకుందాం. తర్వాత అందరూ పడే గుంట, పాలసీలో (దేన్ని లోపలికి రానివ్వాలో చెప్పే రూల్‌లో) గమ్యంగా ఏ అడ్రస్ రాయాలి? పబ్లిక్‌దా, లోపలిదా? ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఒక దాంట్లో నేర్చుకున్నది ఇంకో దాంట్లో పనికిరాదు. పీఎఫ్‌సెన్స్‌లో, మైక్రోటిక్‌లో, లినక్స్‌లో ముందు అడ్రస్ మారుస్తుంది, తర్వాత పాలసీ చూస్తుంది, కాబట్టి 192.168.10.30 అనే రాయాలి. ఏఎస్‌ఏలో 8.3 వెర్షన్ నుంచి లోపలి అడ్రసే, అంతకుముందు పబ్లిక్ అడ్రస్ రాసేవాళ్లం, ఆ అప్‌గ్రేడ్ రోజుల్లో ఎన్ని తిట్లు తిట్టుకున్నామో. పాలో ఆల్టోలో అన్నిటికంటే వింత, సెక్యూరిటీ పాలసీలో అడ్రస్ పబ్లిక్‌ది, జోన్ (నెట్‌వర్క్‌లో భాగం) మాత్రం సర్వర్ ఉన్న జోన్. నాట్ పాలసీలో అయితే రెండు జోన్లూ బయటివే. సోఫోస్ ఫైర్‌వాల్ రూల్ కూడా ఇలాగే, గమ్యం పబ్లిక్ అడ్రస్, జోన్ ల్యాన్. ఫోర్టిగేట్‌లో అడ్రస్ కాదు, ఆ వర్చువల్ ఐపీ ఆబ్జెక్టునే గమ్యంగా పెట్టాలి.

ఫోర్టిగేట్ అయితే ఇంకో చిన్న విషయం, ఇది చిన్నదే కానీ నన్ను బాగా ఏడిపించింది. బయటి నుంచి లోపలికి వచ్చే పాలసీలో కింద నాట్ అని ఒక స్విచ్ ఉంటుంది. "నాటే కదా చేస్తున్నాం" అని దాన్ని ఆన్ చేస్తారు. ఆ స్విచ్ సోర్స్‌ని మార్చడానికి, గమ్యాన్ని వర్చువల్ ఐపీ ముందే మార్చేసింది. ఆన్ చేస్తే సర్వర్ తెరుచుకుంటుంది, అదే ప్రమాదం, ఎవరికీ అనుమానం రాదు. కానీ సర్వర్ లాగ్‌లో ప్రపంచంలో అందరూ ఫైర్‌వాల్ లోపలి ఐపీ నుంచే వస్తున్నట్టు కనపడతారు. మా క్లయింట్ ఒకరి మెయిల్ సర్వర్‌లో తప్పుడు పాస్‌వర్డ్ ఐదుసార్లు కొడితే ఆ ఐపీని బ్లాక్ చేసే ఏర్పాటు ఉంది. ఎవడో ఎక్కడి నుంచో పాస్‌వర్డ్‌లు ప్రయత్నించాడు, సర్వర్ నిజాయితీగా తన డ్యూటీ చేసి 192.168.10.1ని బ్లాక్ చేసింది. అంటే ఫైర్‌వాల్‌నే. సోమవారం పొద్దున పది గంటలకి ఏ ఒక్కరికీ మెయిల్ రాలేదు. ఆ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

దాన్ని ఆఫ్ చేయగానే సర్వర్ తెరుచుకోవడం ఆగిపోతే, సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే (బయటికి పోయేవి ముందుగా పంపే అడ్రస్) తప్పుగా ఉందన్నమాట. పాత ఫైర్‌వాల్ 192.168.10.1 అయ్యుండి కొత్తదానికి 192.168.10.254 ఇచ్చారేమో చూడండి. ఇంటర్నెట్ డీహెచ్‌సీపీ (ఐపీ దానంతట అదే వచ్చే పద్ధతి) మీద ఉన్నవాళ్లందరికీ వస్తుంది, చేత్తో ఐపీ కొట్టిన సర్వర్లు మాత్రం లేని గేట్‌వేకి జవాబులు పంపుతూ కూర్చుంటాయి. విండోస్ సర్వర్ అయితే దాని సొంత ఫైర్‌వాల్ కూడా పక్క సబ్‌నెట్ (వేరే అడ్రస్‌ల గుంపు) నుంచి వచ్చేవాటిని ఆపొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

ఇక స్పామ్ సంగతి. మీ పాత పెట్టెలో .11కి, 192.168.10.20కి మధ్య వన్-టు-వన్ నాట్ ఉండి ఉంటుంది. అంటే వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రెండు దిక్కులా. కొత్తదాంట్లో మీరు 25, 443 పోర్టులకి పోర్ట్ ఫార్వర్డ్ మాత్రం రాశారు. అది వచ్చేవాటికే. మెయిల్ సర్వర్ తనంతట తాను బయటికి మెయిల్ పంపితే అది స్టాఫ్ అందరితో కలిసి .10 మీదుగా పోతోంది. అవతలి సర్వర్ .10ని చూసి, మీ డొమైన్ ఎస్‌పీఎఫ్ రికార్డులో (ఆ డొమైన్ పేరుతో మెయిల్ పంపొచ్చని అనుమతి ఉన్న ఐపీల జాబితాలో) .11 ఉంది కదా, ఈ .10 ఎవరు అని స్పామ్‌లో పడేస్తుంది. .10కి పీటీఆర్ రికార్డు (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు) కూడా ఉండకపోవచ్చు. జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి షో ఒరిజినల్ నొక్కితే ఏ ఐపీ నుంచి వచ్చిందో అక్కడే రాసి ఉంటుంది, చూడండి.

సోర్స్ 192.168.10.20 అయితే .11గా మార్చు అని ఒక అవుట్‌బౌండ్ రూల్ రాసి, స్టాఫ్‌ది అయిన జనరల్ రూల్‌కి పైన పెట్టండి. కింద పెడితే దాని వంతు ఎప్పటికీ రాదు. పీఎఫ్‌సెన్స్‌లో అవుట్‌బౌండ్ నాట్‌ని హైబ్రిడ్ మోడ్‌లోకి మార్చి రాయాలి. ఫోర్టిగేట్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ లేకుండా వర్చువల్ ఐపీ పెడితే, బయటికి పోయే పాలసీలో నాట్ ఆన్‌లో ఉండి ఐపీ పూల్ లేకపోతే .11తోనే పోతుంది. వన్-టు-వన్ అంటే పోర్టులన్నీ తెరిచినట్టా అని భయపడకండి, నాట్ చిరునామా మారుస్తుందంతే, తలుపు తీసేది పాలసీ. పాలసీలో 25, 443 మాత్రమే రాయండి. పీటీఆర్ మార్చాల్సి వస్తే డొమైన్ కొన్న చోట వెతక్కండి, అది ఐఎస్‌పీ వాళ్ల చేతిలో ఉంటుంది, కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వమంటారు.

మీ స్టాఫ్ అరవై మందికి .10 ఒక్కటీ చాలు. ఒక్క ఐపీకి 64 వేల పైచిలుకు పోర్టులున్నాయి.

మూడో జబ్బు, లోపలి నుంచి పేరు కొడితే ఈఆర్‌పీ రాకపోవడం. మీ పీసీ 192.168.10.101 అనుకోండి. అది .12కి ప్యాకెట్ పంపింది, ఫైర్‌వాల్ దాన్ని 192.168.10.30కి తిప్పింది, సర్వర్ చూస్తే అడిగినవాడు తన పక్క సీటువాడే, కాబట్టి ఫైర్‌వాల్ దాకా పోకుండా నేరుగా జవాబిచ్చింది. పీసీ తను ఫోన్ చేసింది ఒక నంబరుకి, తిరిగి మోగుతోంది ఇంకో నంబరు, తెలియని నంబరు కదా అని ఎత్తదు. దీనికి హెయిర్‌పిన్ నాట్ పెట్టాలి, అంటే ల్యాన్ నుంచి .12కి వచ్చినప్పుడు గమ్యంతో పాటు సోర్స్‌ని కూడా ఫైర్‌వాల్ లోపలి ఐపీగా మార్చాలి. పాత పెట్టెలో అది ఎవరో పెట్టి ఉంటారు. పీఎఫ్‌సెన్స్‌లో నాట్ రిఫ్లెక్షన్ అని, సోఫోస్‌లో లూప్‌బ్యాక్ రూల్ అని ఉంటుంది.

నన్నడిగితే హెయిర్‌పిన్ కంటే లోపలి డీఎన్‌ఎస్‌లో (పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్‌లో) ఆ పేరుకి 192.168.10.30 అని రాసేయడం మేలు. ప్యాకెట్లు ఊరంతా తిరిగి రావు, సర్వర్ లాగ్‌లో ఎవరి పీసీ ఐపీ వాళ్లకి ఉంటుంది. రెండు ఇబ్బందులున్నాయి. బయట 8443, లోపల 443 లాంటి పోర్టు మార్పిడి ఉంటే ఇది కుదరదు. ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆన్ చేసుకున్న ఫోన్లు మీ డీఎన్‌ఎస్‌ని అడగవు. అసలైన మందు సర్వర్లని స్టాఫ్‌తో కలపకుండా వేరే సబ్‌నెట్‌లో, డీఎమ్‌జెడ్‌లో పెట్టడం. అప్పుడు జవాబు ఎలాగూ ఫైర్‌వాల్ మీదుగానే పోతుంది. ఈ వారం చేయమనను, సర్వర్ ఐపీ మారిస్తే ఈఆర్‌పీ వెండర్ లైసెన్సు అంటూ ఇంకో పేచీ పెడతాడు.

మిగతావి గబగబా. బ్రాంచి ఆఫీసుకి వీపీఎన్ టన్నెల్ ఉంటే, ఆ సబ్‌నెట్‌కి పోయేవాటికి నాట్ చేయవద్దు అనే రూల్ అన్నిటికంటే పైన ఉండాలి, లేకపోతే టన్నెల్ పచ్చగానే ఉంటుంది, డేటా మాత్రం పోదు. రెండో ఐఎస్‌పీ ఉంటే .11 సోర్స్‌తో ఆ లైన్‌లోంచి ప్యాకెట్ పంపకండి, తమవి కాని అడ్రస్‌లతో వచ్చేవాటిని, పద్ధతిగా నడిచే ఐఎస్‌పీ ఎవరైనా పారేస్తారు. నాట్ మార్చాక పాత సెషన్లు పాత పద్ధతిలోనే నడుస్తుంటాయి, అవి క్లియర్ చేసి అప్పుడు టెస్ట్ చేయండి. ఐపీ ఫోన్లు ఈ విషయంలో మరీ మొండివి.

మీ లిస్టులో చివర ".13ని ట్యాలీ మెషిన్ రిమోట్ డెస్క్‌టాప్‌కి ఇద్దామనుకుంటున్నాం, ఆడిటర్ గారు ఇంటి నుంచి చూస్తారు" అని ఉంది. దయచేసి వద్దు. 3389ని (రిమోట్ డెస్క్‌టాప్ పోర్టుని) ఇంటర్నెట్‌కి తెరిస్తే గంటల్లో పాస్‌వర్డ్ ప్రయత్నాలు మొదలవుతాయి, పోర్టు నంబరు 33890 అని మార్చినంత మాత్రాన ఎవరూ మోసపోరు. మార్చి నెలాఖరులో ట్యాలీ డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అయిపోయి, బ్యాకప్ కూడా అదే మెషిన్ డీ డ్రైవ్‌లో ఉన్న ఆఫీసుని నేను చూశాను. ఆడిటర్ గారికి వీపీఎన్ ఇవ్వండి, రెండో దశ ఓటీపీతో. సీసీటీవీ డీవీఆర్‌కీ ఇదే మాట.

నాట్ లాగ్ ఆన్ చేసి వేరే సర్వర్‌కి పంపండి. సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉంచాలి, అది కంపెనీలకీ వర్తిస్తుంది. రేపు పోలీసులు .10 నుంచి ఫలానా టైముకి ఏదో జరిగింది అని వస్తే, అరవై మందిలో ఎవరో చెప్పేది ఆ లాగ్ ఒక్కటే. పెట్టె గడియారం ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ నుంచి టైము సరిచేసే పద్ధతితో) సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది మాత్రం ఆ క్యాప్చర్. వ్యాన్ మీద ఒకటి, ల్యాన్ మీద ఒకటి. వ్యాన్‌లో సిన్ ప్యాకెట్ (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్) కనపడి ల్యాన్‌లో కనపడకపోతే నాట్ లేదా పాలసీ తప్పు. ల్యాన్‌లోకి పోయి తిరిగి రాకపోతే సర్వర్ గేట్‌వే. వ్యాన్‌లోనే కనపడకపోతే ఆర్ప్ లేదా ఐఎస్‌పీ. పింగ్‌తో టెస్ట్ చేయకండి, 443 ఒక్కటే ఫార్వర్డ్ చేసిన అడ్రస్ పింగ్‌కి పలకకపోవచ్చు. పెట్టె కంపెనీ పేరు, వెర్షన్, ఆ క్యాప్చర్‌లో నాలుగు లైన్లు (చివరి ఐపీ అంకెలు కొట్టేసి) పెడితే మిగతాది చూస్తాను. పాత ఫైర్‌వాల్‌ని ఇంకో నెల దాకా ఎవరికీ అమ్మకండి, ఇవాళ రాత్రే దాన్ని పక్కన ఒక ల్యాప్‌టాప్‌కి కలిపి కాన్ఫిగ్ మొత్తం దించుకోండి, ఎందుకంటే .14 ఖాళీ అని మీరంటున్నారు గానీ, పాతదాంట్లో దానికి రూల్ ఏదైనా ఉందో లేదో చూసినట్టు ఎక్కడా రాయలేదు.